మనుమడు తింటలేడని భయపడితి

నేను పత్తి చేనుల ఉన్నా మనసంతా ఇంటికాడనే ఉండె. ఏడాదిన్నర మనుమడు రెండు ముద్దలు తిని మూతి తిప్పుకుంటుండె. అదన్నా తింటడని తిమ్మాజిపేటకు పోయినప్పుడల్లా నేనే చిప్స్ పొట్లాలు తెస్తి.

అంగన్‌వాడీ టీచరమ్మ బరువు తూచి, మోచేతికీ భుజానికీ నడుమ టేపు చుట్టింది. 13 సెంటీమీటర్లు, పచ్చ రంగు. "ఏడాది దాటినంక పెరుగుడు నెమ్మదైతది పెద్దనాయనా, ఆకలి గూడ తగ్గుతది. పొట్లాలు బంద్ జెయ్యి, బలవంతంగ కుక్కకు" అన్నది. బంద్ చేసినం. పాలు అన్నం తిన్నంకనే ఇచ్చినం. నెలకు ముద్దలు పెరిగినయ్.

అట్లని అందరూ ఊకుండొద్దు. బరువు పెరగకున్నా, తగ్గినా, జ్వరం, వాంతులు, విరేచనాలు విడవకున్నా, మొఖం పాలిపోయినా డాక్టరుకు చూపియ్యాలె. ఆరు నెలల నుంచి ఐదేండ్ల లోపు పిల్లలకు టేపు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ చూపితే అది ఎరుపు. ఎరుపు వచ్చినా, రెండు పాదాలు వాచినా, పిల్ల లేవకుండ సోలిపోయినా ఆ రోజే దవాఖానకు పోవాలె.

పత్తి ఏరుడు రేపైనా అయితది.