నీళ్ళలో ముంచిన కారు

పిల్లలూ, హైదరాబాదులో మాదాపూరు వెళితే గుండ్రటి సైబర్ టవర్స్ కనిపిస్తుంది. దాన్ని 1998లో తెరిచారు. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా బండరాళ్ళే. దుర్గం చెరువు పక్కన ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. అక్కడికి దగ్గరలోనే మా అమ్మాయి కాపురం. మొన్న వెళ్ళేసరికి మనవడు రిమోట్ కారు పైడొప్ప ఊడదీసి కూచున్నాడు.

"తాతయ్యా, దీన్ని నీళ్ళలో ముంచి రంగు వేస్తాను," అన్నాడు.

నేను నవ్వాను. నీళ్ళలో ముంచితే ఉన్న రంగు పోతుంది గాని, కొత్తది వస్తుందా?

వాడు డొప్పను గరుకు కాగితంతో రుద్ది, తెల్లరంగు పూసి ఆరబెట్టాడు. తొట్టిలో గోరువెచ్చని నీటిమీద పులిచారలు అచ్చువేసిన పల్చటి పొర పరిచాడు. పాలివినైల్ ఆల్కహాల్‌తో చేసిన ఆ పొర నీటిలో నాని మెత్తబడుతుంది. ఒక నిమిషం ఆగి దానిమీద మందు చిమ్మితే, చారల రంగు కరిగి నీటిమీద తేలుతుంది. మందు ఘాటైనది గనక వాళ్ళ నాన్నే ముసుగు కట్టుకుని చిమ్మాడు. అప్పుడు డొప్పను ముంచితే, నీరు అన్నివైపులా ఒత్తి వంపువంపుకూ రంగు అంటిస్తుంది.

"ఇంకా ఎంతసేపురా? కానియ్యండి!" అని తొందరపెట్టింది నేనే. పొర సరిగా నానలేదు. బానెట్ మీద ముడతలు పడి చిరిగింది. ఉన్నవి రెండే పొరలు! వాడు ఏమీ అనలేదు. బళ్ళో ఇన్నేళ్ళు పిల్లలకు ఓపిక నేర్పినవాణ్ణి, నాకే సిగ్గువేసింది.

రుద్ది మళ్ళీ తెల్లరంగు వేశాం. అది ఆరేలోగా వాడికి బీజాపూరు సంగతి చెప్పాను. 17వ శతాబ్దంలో అక్కడి చిత్రకారులు నీటిమీద రంగులు తేల్చి కాగితానికి అద్దేవారు. అలాంటి బక్కగుర్రం బొమ్మ ఒకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

"అయితే వాళ్ళకీ చిరిగేదా?" అన్నాడు వాడు.

రెండోసారి నా చేతికి గడియారం ఇచ్చాడు. అరవై దాకా బిగ్గరగా లెక్కపెట్టాను. కారు పులిలా పైకి వచ్చింది.