స్కాన్ ఫిలింలో కుడి ఎడమ

మన ఇళ్లలో అరవై దాటినవాళ్లు ఎక్కువైనారు. స్కాన్ కవర్లు బీరువాల్లో పేరుకుంటా ఉన్నాయి. ఆ ఫిలింలో ఏముందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఇంట్లో తెలుగు, చదివింది తమిళం, రిపోర్టు ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ మన జబ్బు మనకే అర్థం కాకుండా పోతా ఉంది. అందుకే మేము తెలుసుకున్నంత వరకు రాస్తున్నాము.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనుక్కొన్నాడు. అందులో ముందరిదీ వెనకదీ ఒకదాని మీద ఒకటి పడి నీడగా తెలుస్తాయి. సొరకాయను చక్రాలుగా కోస్తే గదా లోపలి గింజ ఎక్కడుందో కనిపించేది! మనిషిని కోయకుండా ఆ చక్రాలు చూపేది సీటీ స్కాన్. ఎక్స్‌రే గొట్టం మన చుట్టూ తిరుగుతుంది, కంప్యూటరు లెక్క కట్టి బొమ్మ ఇస్తుంది. హౌన్స్‌ఫీల్డ్ చేసిన మిషన్‌తో 1971లో లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలను అట్లా చూసినారు. 1979లో ఆయనకూ కార్మాక్‌కూ నోబెల్ ఇచ్చినారు.

మా పెద్దన్న తన కడుపు ఫిలిం చూసి బెదిరిపోయినాడు. "కార్జం కుడిపక్క ఉండాల గదరా, నాకు ఎడమపక్క ఉందే!" అని ఆపరేషనే వద్దన్నాడు. డాక్టరు విడమరిచి చెప్పినాక కుదుటపడినాడు. వెల్లకిలా పడుకున్న మనిషిని కాళ్ల వైపునుంచి చూసినట్టు ఆ బొమ్మ ఉంటుంది. ఎదురుగా నిలబడిన మనిషి కుడిచేయి మనకు ఎడమపక్క ఉండదా, అదే లెక్క.

ఎముక తెలుపు, గాలి నలుపు. బొమ్మ అడుగున తెల్లగా ఉండేది వెన్నెముక. దానికి రెండు పక్కలా మూత్రపిండాలు, తమిళంలో సిరునీరగం. బొమ్మకు ఎడమపక్క పెద్దగా ఉండేది కార్జం, అంటే కాలేయం, కల్లీరల్. కుడిపక్క ప్లీహం, మన్నీరల్.

అల్ట్రాసౌండు శబ్దతరంగాలతో, ఎంఆర్ఐ అయస్కాంతంతోనూ రేడియో తరంగాలతోనూ పనిచేస్తాయి. ఈ రెండింటిలో ఎక్స్‌రే లేదు. ఒంట్లో పేస్‌మేకర్, లోహపు ముక్క ఏదైనా ఉంటే ఎంఆర్ఐకి ముందే చెప్పాల. సీటీకి మందు ఎక్కిస్తామంటే మూత్రపిండాల జబ్బు, అలర్జీ ఉన్నాయేమో చెప్పాల. పాత ఫిలింలు పారేయకండి, కొత్తదానితో పోల్చి చూడడానికి అవే ఆధారం.

మీ ఇంట్లో ఈ అవయవాలను ఏ మాటతో పిలుస్తారో కింద రాయండి. మూడు భాషల్లో పట్టిక ఒకటి తయారుచేసి వచ్చే మీటింగులో అందరికీ ఇస్తాము. నొప్పి ఎక్కడని డాక్టరు అడిగితే మన పెద్దలు తడుముకోకుండా చెప్పాల.