మా అత్తగారి తాతగారిది ఏ ఊరు?

మన ఉగాది, దీపావళి వేడుకలలో ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా కనిపిస్తుంటాయి. వారి తెలుగు కాస్త పాతకాలపుది, మధ్యమధ్య హిందీ మాటలు దొర్లుతుంటాయి. "మీదే ఊరండీ?" అని అడిగితే లౌతోకా అనో, రాకిరాకి అనో చెబుతారు. "అది కాదండీ, అసలు ఊరు?" అని మనం మళ్లీ అడుగుతాం. అక్కడ చాలామంది ఆగిపోతారు. నేను అలాంటి ఒక కుటుంబానికి కోడలిని. నేను పుట్టి పెరిగింది కృష్ణా జిల్లాలో. మా అత్తగారు పుట్టింది లౌతోకాలో. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగిన తరువాత వారి కుటుంబం సిడ్నీకి తరలివచ్చింది. ఆవిడ తాతగారి ఊరు ఏదో తెలుసుకోవడానికి మేము చేసిన ప్రయత్నం సభ్యులలో కొందరికైనా ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కొంచెం చరిత్ర చెప్పాలి. ఫిజీ చెరుకు తోటలలో పని చేయడానికి 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి అరవై వేల మందికి పైగా కూలీలు ఓడలలో వెళ్లారు. ఐదేళ్ల ఒప్పందం. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. ఇంగ్లీషు 'అగ్రిమెంటు' వాళ్ల నోట 'గిర్మిట్' అయింది, ఆ వెళ్లినవారు 'గిర్మిటియా'లయ్యారు. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే బయలుదేరేవి. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా పంపడం మొదలుపెట్టారు. అలా మద్రాసులో ఓడ ఎక్కినవారు సుమారు పదిహేను వేల మంది. ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల నుంచి చాలామంది తెలుగువాళ్లు వీరిలో ఉన్నారు. తోటలలో ఎక్కువ భాగం కొలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవి. 1855లో ఈ సిడ్నీ నగరంలోనే పుట్టిన కంపెనీ అది. లౌతోకాలో దాని పెద్ద మిల్లు మొదలైందీ 1903లోనే. అంటే మనుమరాలు సిడ్నీకి రావడానికి ఎనభై ఏళ్ల ముందే తాతగారు సిడ్నీ కంపెనీకి చెరుకు నరికారన్నమాట.

తాతగారు పోయేనాటికి అత్తగారికి పదేళ్లు. "ముసలితనంలో అరుగు మీద కూర్చుని 'ఊరికి పోదాం, ఊరికి పోదాం' అనేవాడు. ఏ ఊరు తాతా అని మాలో ఒక్కరమూ అడగలే" అని ఆవిడ ఎన్నోసార్లు నాతో అన్నారు. ఆవిడకు ఎనభై దాటాక ఆ మాట మరీ తరచుగా రావడం మొదలైంది. ఇక ఆలస్యం చేయకూడదని నేనూ మావారూ పనిలోకి దిగాం.

ఇంట్లో పాత పెట్టెలో ఉన్న ఒక కాగితం మీద తాతగారి పేరు పక్కన ఓడ పేరు, ఒక నంబరు కనిపించాయి. ఈ నంబరే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే ఒకే పేరు గలవాళ్లు ఒక్కో ఓడలో పదిమంది ఉంటారు. ఒప్పందం మీద వెళ్లిన ప్రతి మనిషికీ ఓడ ఎక్కే ముందు ఒక 'ఎమిగ్రేషన్ పాసు' రాసేవారు. ఆ పాసులు సువాలోని ఫిజీ జాతీయ పురాభిలేఖాగారంలో ఉన్నాయి. సువాలో ఉన్న బంధువు ఒకాయన వెళ్లి నంబరు ఇచ్చి నకలు తీయించి పంపారు.

అది చేతికి వచ్చిన రోజు అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గడిలో ఏముందో నా చేత చదివించుకున్నారు. పేరు, తండ్రి పేరు, వయస్సు ఇరవై రెండు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఎడమ కనుబొమ మీద మచ్చ అని చదవగానే, "అవును, ఉండింది! నేను వేలితో తడిమేదాన్ని" అన్నారు. మనిషి ఈయనే అని మాకు రూఢి అయింది అలాగే.

ఆ పాసులో ఇన్ని గడులున్నా ఇంటిపేరుకు మాత్రం గడి లేదు. తండ్రి పేరుతో సరిపెట్టారు. మనకు ఇంటిపేరు సగం చిరునామా. వేమూరివారు, కూచిపూడివారు, చల్లపల్లివారు అంటే పూర్వం ఏ ఊరివాళ్లో తెలిసిపోతుంది. ఫిజీలో తండ్రి పేరే బిడ్డల ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. మా అత్తగారి పుట్టింటివారి అసలు ఇంటిపేరు ఏమిటో ఈనాటికీ మాకు తెలియదు.

జిల్లా గడిలో 'నార్త్ ఆర్కాట్' అని ఉంది. అది చూసి మా పిల్లలు "అయితే మనం తమిళులమా?" అన్నారు. ఫిజీలో దక్షిణాదివారినందరినీ కలిపి మద్రాసీలనేవారు కాబట్టి అత్తగారికీ ఆ అనుమానం ఉండేది. నాకు మాత్రం ఆవిడ మాటలు గుర్తుకొచ్చాయి. పెళ్లయిన కొత్తలో వాళ్లింట్లో మాటలు నాకు వింతగా ఉండేవి. మేము గేదె అంటే ఆవిడ ఎనుము అనేవారు. మా వేరుశనగలు ఆవిడకు శెనక్కాయలు. నాయనమ్మను అవ్వ అనేవారు. రాగి ముద్దను సంగటి అనేవారు. ఫిజీలో రాగిపిండి దొరికితే పండుగేనట. ఇవి కృష్ణా జిల్లా మాటలు కావు, రాయలసీమ మాటలు.

పాసు తేదీ 1911కు ముందుది. అక్కడ చిక్కు విడిపోయింది. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలను, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను తీసి చిత్తూరు జిల్లా ఏర్పాటు చేశారు. పాసులో తాలూకా పలమనేరు అని స్పష్టంగా ఉంది. ఉత్తర ఆర్కాటు పేరుతో ఇప్పుడు జిల్లాయే లేదు. పలమనేరు మాత్రం చిత్తూరు జిల్లాలోనే ఉంది. ఇలాంటి చిక్కులు ఇతర జిల్లాలవారికీ ఎదురవుతాయి. పాత కాగితంలో విశాఖపట్నం అని ఉంటే అది 1950లో ఏర్పడిన శ్రీకాకుళంలోదో, 1979లో ఏర్పడిన విజయనగరంలోదో కావచ్చు. కృష్ణా అని ఉంటే అది 1904లో విడిపోయిన గుంటూరుదో, 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరిదో కావచ్చు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మళ్లీ మారాయి. అందుచేత తాలూకా పేరు పట్టుకుని వెతకడం మేలు.

ఇక ఊరు. మద్రాసు గుమాస్తా చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో గిలికిన అక్షరాలు. చివర 'పల్లె' అని తెలుస్తోంది. ముందు భాగం రెండు రకాలుగా చదవవచ్చు. పటాలు చూస్తే రెండు పేర్లకూ సరిపోయే ఊళ్లు ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. ఒక డిసెంబరు సెలవుల్లో నేనూ మావారూ రెండింటికీ వెళ్లాం. రెండో ఊళ్లో చెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన మా కథంతా ఓపికగా విని, "అంతా బాగుండాది గానీ, ఇంటిపేరు ఏం పేరు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. "ఇంటిపేరు లేకుంటే ఎట్ల చెప్పేది నాయనా" అని ఆయన నిజంగానే బాధపడ్డారు. మాకు కాఫీ ఇచ్చి పంపారు.

ఆస్ట్రేలియాలోకి మట్టి తేనివ్వరు కాబట్టి ఫోటోలు మాత్రం తెచ్చాం. అత్తగారు రెండు ఊళ్ల ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "శెనక్కాయలు వేస్తారా అక్కడ?" అని అడిగారు. రెండు ఊళ్లలోనూ వేస్తారని చెప్పాను. "గంగమ్మ గుడి ఉండాదా?" రెండు చోట్లా ఉందన్నాను. "సరే, రెండూ మావే అనుకుంటా" అన్నారు నవ్వుతూ. ఆ తరువాత వచ్చిన సంక్రాంతి వేడుకలో ఎవరో అడిగితే, "మాది చిత్తూరు జిల్లా, పలమనేరు దగ్గర" అని ఆవిడ చెప్పడం విన్నాను. గొంతులో తడబాటు లేదు.

మన పిల్లల పాస్‌పోర్టులలో పుట్టిన ఊరు సిడ్నీ అనో, మెల్బోర్న్ అనో ఉంటుంది. కొందరికి ఇంటిపేరు పొట్టి అక్షరమైపోయింది, కొందరికి తండ్రి పేరే ఇంటిపేరైంది. ఈ ఉగాదికి ప్రతి కుటుంబమూ ఒక పని చేస్తే బాగుంటుందని నా మనవి. తల్లివైపు, తండ్రివైపు ఇంటిపేర్లు, ఊరు, తాలూకా, పాత జిల్లా, కొత్త జిల్లా ఒక నోటుపుస్తకంలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మాటలు కూడా రాయండి. ఫిజీ నుంచి వచ్చిన సభ్యులెవరైనా తమ పెద్దల పాసు తెప్పించుకుని, అందులోని ఊళ్ల పేర్లు చదవడంలో సాయం కావాలంటే మా ఇంటికి రండి. కాఫీ తాగుతూ కలిసి చదువుదాం.