పూత నిలవాలంటే

ఖమ్మం నుంచి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. బస్సు వైరా, తల్లాడ, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కి భద్రాచలం చేరుతుంది. ముందు చేలు కనిపిస్తాయి, పోనుపోను అడవి దగ్గరవుతుంది. రామాలయం చూడటానికి వెళ్ళే యాత్రికులలో చాలామంది ఈ దారి పొడుగునా నిద్రపోతారు. మీరు మటుకు నిద్రపోకండి, కిటికీ పక్కన కూర్చోండి. మీ పెరట్లో బంతిమొక్కకూ, గులాబీకీ, బెండమొక్కకూ పూత కాలంలో ఏ ఎరువు వెయ్యాలో ఈ దారి చక్కగా నేర్పుతుంది.

మీరు కార్తీకమాసంలో బయలుదేరారనుకోండి. దారి పక్కన మిరపతోటలు కనిపిస్తాయి. వానాకాలంలో నాటిన మిరప ఈపాటికి గుబురుగా ఎదిగి పూతకు వచ్చి ఉంటుంది. మిరపపువ్వు చిన్నది, తెల్లనిది, తలవంచుకుని ఉంటుంది. ఆ పువ్వే కాయ కావాలి. కాయ పండి, ఎండి, బస్తాలకెక్కి ఖమ్మం మిర్చి యార్డుకు చేరాలి. అప్పుడే రైతు ఇంట్లో పిల్లల ఫీజులు కట్టటం, అప్పు తీర్చటం జరుగుతాయి. పూత రాలితే ఏడాది కష్టం రాలినట్టే.

"పూత వచ్చింది గదా, ఇప్పుడు ఎరువు బాగా దిమ్మరిస్తే ఇంకా పూస్తుంది," అని మీకు తోచవచ్చు. అలా జరగదు. ఎందుకో చూద్దాం.

మొక్క మట్టిలో నుంచి తీసుకునే తిండిలో ముఖ్యమైనవి మూడు: నత్రజని, భాస్వరం, పొటాష్. నత్రజని ఆకునూ, కొమ్మనూ పెంచుతుంది. భాస్వరం వేరుకూ, పూతకూ, గింజకూ కావాలి. పొటాష్ ఆకులో తయారైన చక్కెరను పువ్వుకూ, కాయకూ చేర్చటంలో తోడ్పడుతుంది. పూత సమయంలో నత్రజని మరీ ఎక్కువైతే మొక్క పూత మాట మరచి ఆకు మీద పడుతుంది. చూడటానికి ముదురు పచ్చగా, ఏపుగా ఉంటుంది, కాని పూత పలచబడుతుంది. అంతేకాదు, లేత ఆకు రసం పీల్చే పురుగులకు విందుభోజనం.

కనక ఎరువును ఎంచుకునే ముందు అందులో ఏమున్నదో తెలియాలి. నూరు కిలోల పశువుల ఎరువులో నత్రజని సుమారు అరకిలో, భాస్వరం అందులో సగంకన్న తక్కువ, పొటాష్ అరకిలో ఉంటాయి. అంటే అది మన పప్పూ అన్నం లాంటిది; అన్నీ కొద్దికొద్దిగా ఉంటాయి. నూరు కిలోల వేరుశనగ చెక్కలో నత్రజని ఏడు కిలోల దాకా ఉంటుంది. పశువుల ఎరువుకన్న పద్నాలుగు రెట్లు! వేపపిండిలో సుమారు అయిదు కిలోలు ఉంటుంది. ఎముకల పొడిలో భాస్వరం ఇరవై కిలోలకు పైనే. అయితే అది మట్టిలో కరిగి వేరుకు అందటానికి నెలలు పడుతుంది. పూత వచ్చాక వేసిన ఎముకల పొడి, పెళ్ళి అయిపోయాక వచ్చిన బాజాల వంటిది.

ఇక పొటాష్ ఎక్కడ దొరుకుతుంది? కట్టెల పొయ్యిలోని బూడిదలో. పూర్వం ఐరోపాలో కట్టెల బూడిదను నీటిలో కలిపి, ఆ తేట నీటిని పెద్ద కుండలలో ఇగర్చేవారు. అడుగున మిగిలినదాన్ని "కుండ బూడిద" అనేవారు. ఇంగ్లీషులో "పొటాష్" అనే మాటకు అర్థం అదే! 1807లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త దానిలో నుంచే పొటాసియం అనే లోహాన్ని వేరు చేశాడు.

బూడిద మాట వచ్చింది గనక పాల్వంచలో ఒక సంగతి గమనించండి. అక్కడ థర్మల్ విద్యుత్కేంద్రం పొగగొట్టాలు దూరాన్నుంచే కనబడతాయి. బొగ్గు మండించి అక్కడ కరెంటు తీస్తారు. బూడిద గుట్టలుగా మిగులుతుంది. ఆ బూడిద మీ గులాబీకి పనికిరాదు. బొగ్గు బూడిదలో మొక్కకు అందే పొటాష్ చాలా తక్కువ. పైగా మొక్కకూ మనకూ హాని చేసే లోహాలు కొన్ని ఉండవచ్చు. దానితో ఇటుకలు చేస్తారు, సిమెంటులో కలుపుతారు. పూలమొక్కకు మటుకు కట్టెల బూడిదే.

ఈ పాల్వంచ మండలంలోనే పునుకుల అనే ఊరున్నది. చిన్న ఊరే అయినా దాని పేరు దేశమంతా వినబడింది. అక్కడి రైతులు పత్తి పండించేవారు. పత్తి పూతకూ కాయకూ వచ్చేసరికి పురుగు పడేది. పురుగుమందు కొట్టేవారు, పురుగు మందుకు అలవాటు పడేది, మరింత ఖరీదైన మందు అప్పు తెచ్చి కొట్టేవారు. పంట తగ్గింది, అప్పు పెరిగింది. చివరకు ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో కొందరు రైతులు మందులు మాని, వేపగింజల కషాయమూ, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయమూ చల్లి చూశారు. పంట దక్కింది, ఖర్చు తగ్గింది. ఒకరిని చూసి ఒకరు మారారు. 2004 నాటికి ఊరు ఊరంతా పురుగుమందులు మానేసినట్టు పంచాయతీ ప్రకటించుకున్నది. ఈ మార్పులో ఆడవాళ్ళ సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. వేపగింజలు ఏరటం కూడా పేదలకు ఒక పని అయింది. కషాయం వడకట్టగా మిగిలిన పిప్పిని పారవెయ్యనక్కర్లేదు, అది మట్టికి ఎరువే. పూత మీద విషం చల్లకపోవటంలో మరో లాభం కూడా ఉన్నది: పువ్వు మీద వాలే తేనెటీగలు బతుకుతాయి. అవి రాకపోతే గుమ్మడి, దోస, కాకర పువ్వులు ఎంత ఎరువు వేసినా కాయలు కావు.

పాల్వంచ దాటాక అడవి చూస్తారు. టేకు, మద్ది, తునికి, వెదురు, మోదుగ, ఇప్ప. ఈ చెట్లకు ఎవరూ ఎరువు వెయ్యరు. అయినా ఇదే దారిన ఫాల్గుణంలో వెళ్ళి చూడండి, మోదుగ చెట్టు మీద ఒక్క ఆకు ఉండదు, కొమ్మకొమ్మా నిప్పు అంటుకున్నట్టు ఎర్రగా పూసి ఉంటుంది. ఆకు లేదు, వాన లేదు, నేల ఎండిపోయి ఉంది. మరి ఇంత పూతకు తిండి ఎక్కడిది?

రహస్యం వానాకాలంలో ఉన్నది. రాలిన ఆకులు వానలకు కుళ్ళి ఎరువవుతాయి. చెట్టు ఆ తిండి తిని, కొమ్మల్లో, వేళ్ళలో దాచుకుంటుంది. ఆకులు రాల్చే ముందు కూడా వాటిలోని నత్రజనిలోనూ, భాస్వరంలోనూ సుమారు సగం వెనక్కు లాక్కుంటుంది. అలా కూడబెట్టినదంతా పూతకు ఖర్చు పెడుతుంది. పువ్వు తినే తిండి పువ్వు రాకముందే సిద్ధమై ఉంటుందన్న మాట.

ఇప్పచెట్టూ అంతే. దాని పువ్వులు తెల్లవారుజామున టపటపా రాలుతాయి. కోయవారు బుట్టలు పట్టుకుని, పిల్లాపెద్దా కలిసి వాటిని ఏరుకుంటారు. ఎండబెట్టి తింటారు, అమ్ముకుంటారు. పువ్వులు సులువుగా కనబడాలని చెట్టు కింది ఆకులను కొన్నిచోట్ల తగలబెడతారు, కొన్నిచోట్ల ఊడ్చి పక్కకు నెడతారు. రెంటిలో ఊడవటమే మేలు. ఆకు కాలితే పొటాష్ బూడిదలో మిగులుతుంది గాని నత్రజని పొగతో ఎగిరిపోతుంది. ఆకు కుళ్ళితే రెండూ నేలకు దక్కుతాయి. మీ వీధిలో రాలిన ఆకులకు నిప్పు పెట్టేవారికి ఈ మాట చెప్పండి.

చివరకు గోదావరి. 1965లో మొదటి వంతెన తెరిచేదాకా యాత్రికులు ఇక్కడ పడవలమీద దాటేవారు. వానాకాలంలో ఈ నది పొంగితే భయంకరంగా ఉంటుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటింది. వరద ఇళ్ళను ముంచుతుంది, కాని పోతూపోతూ ఒడ్డు పొలాల్లో మెత్తని ఒండ్రు వదులుతుంది. వరద తీసిన తరవాత ఆ ఒండ్రులో పైరు వేస్తే, పూత నాటికి వేళ్ళు ఆ సారం పట్టుకునే ఉంటాయి. అడవి చెప్పిన మాటనే నది కూడా చెబుతున్నది: ముందు నేలకు పెట్టు, తరవాత పువ్వును అడుగు.

ఇక మీ కుండీ సంగతి. మట్టి కలిపే రోజునే మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు గాని వానపాముల ఎరువు గాని కలపండి. పచ్చి పేడ వెయ్యకండి. అది కుళ్ళేటప్పుడు పుట్టే వేడికి వేళ్ళు మాడతాయి. అదే రోజున రెండు చెంచాల ఎముకల పొడి, గుప్పెడు వేపపిండి కలపండి. మొగ్గ తొడిగాక నెలకొకసారి గుప్పెడు వానపాముల ఎరువు, చెంచాడు కట్టెల బూడిద మొదలుకు కాస్త దూరంగా వేసి, మట్టి కదిపి, నీరు పొయ్యండి. బూడిదనూ పేడనూ కలిపి నిలవచెయ్యకండి, నత్రజని గాలిలో కలిసిపోతుంది. మొక్క పాలిపోయి నీరసంగా ఉంటేనే చెక్కనీళ్ళు వాడండి: గుప్పెడు చెక్క లీటరు నీటిలో మూడు నాలుగు రోజులు నానబెట్టి, వడకట్టి, దానికి పదింతల నీరు కలిపి, కుండీకి ఒక గ్లాసు. మొక్క ముదురు పచ్చగా, ఏపుగా ఉండి పూయకపోతే చెక్కనీళ్ళ జోలికి పోకండి.

నా మాట నమ్మాలని లేదు. రెండు కుండీలలో ఒకే రోజున రెండు బంతిమొక్కలు పెట్టండి. ఒకదానికి పైన చెప్పినట్టు చెయ్యండి. రెండవదానికి మొగ్గ తొడిగాక వారం వారం చెక్కనీళ్ళు పొయ్యండి. నీరూ ఎండా రెంటికీ సమానంగా ఉండాలి. ప్రతి ఆదివారమూ పువ్వులు లెక్కపెట్టి, తేదీ వేసి పుస్తకంలో రాయండి. ఆకులు ఎక్కడ ఎక్కువో, పువ్వులు ఎక్కడ ఎక్కువో రెండు నెలల్లో మీ లెక్కే మీకు చెబుతుంది.