వెనుక సీటులో కూర్చునేవారి కొరకు

పాత బండి కొనబోయేటప్పుడు మనలో ఎక్కువమంది ముందువైపే చూస్తాము. ఇంజను చప్పుడు వింటాము, రంగు చూస్తాము, హారను మోగించి చూస్తాము. వెనుక చక్రాల దగ్గర వంగి, బండి కడుపు క్రింద ఉన్న కమాను కట్టను చూచేవారు బహు తక్కువ. అయితే బండిలోని బరువులో పెద్ద భాగము దాని మీదనే ఉంటుంది. ముసలివారు, రోగులు, చంటిబిడ్డల తల్లులు కూర్చునేది కూడా చాలాసార్లు దాని పైనున్న వెనుక సీటులోనే. గనుక ఈ నెల ఆ కమాను కట్ట గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఇది వర్క్‌షాపు సంగతి గదా అని పేజీ త్రిప్పవద్దు. ఇది మన ఇళ్ళలోని నడుములకు సంబంధించిన సంగతి.

మా సంఘానికి పాత మారుతి ఓమ్ని వ్యాను ఒకటి ఉన్నది. ఈ బండి 1984లో ‘మారుతి వ్యాన్’ అను పేరుతో మన దేశంలోకి వచ్చింది. 796 సీసీ చిన్న ఇంజను, ప్రక్కకు జరిగే తలుపులు, లోపల విశాలమైన చోటు ఉండుటచేత బడిపిల్లలకు, పెళ్ళివారికి, రోగులకు అన్నిటికీ అదే పనికివచ్చింది. 2019లో కంపెనీ దీని తయారీ ఆపివేసింది. అయినను మన గోదావరి ఊళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉన్నవి. ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు, వెనుక చక్రాలకు లారీకి ఉన్నట్లే పొడుగు ఉక్కు పట్టీల కమాను కట్ట, ఇదీ దాని ఏర్పాటు.

కమాను మనకు క్రొత్తది కాదు. మన తాతల ఎడ్లబండికి కమాను లేదు. ఇరుసు మీద కొయ్య, కొయ్య మీద మనిషి. అందుకే బాలింతను తీసుకొని వెళ్ళేటప్పుడు గూడుబండిలో మోకాలెత్తున ఎండుగడ్డి పరచి, దాని మీద బొంత వేసేవారు. ఆ గడ్డే వారి కమాను. తరువాత వచ్చిన జట్కాలకు ఉక్కు కమాన్లు అమర్చారు. కోనసీమలో అంతకంటె మెత్తని ప్రయాణం ఒకటి ఉండేది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరగారి కాలువలు నీరు పారించుటకే గాక పడవలు నడిపించుటకు కూడా ఉపయోగపడేవి. పడవలో పడుకున్న రోగికి గతుకు అన్నది తెలియదు. ఇప్పుడు పడవలు పోయి, కాలువ గట్ల మీద రోడ్లు వచ్చినవి. మన ఒండ్రుమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. దాని మీద వేసిన రోడ్డు ఎంత మంచిదైనా కొన్నాళ్ళకు అలలు తేలుతుంది. ఆ పైన ఇసుక లారీలు, చేపల లారీలు తిరుగుతాయి. గనుక డెల్టాలో తిరిగే బండికి కమాను కట్టే ప్రాణము.

మా వ్యాను వెనుక భాగము కొంతకాలంగా క్రుంగిపోతూ వచ్చింది. మేస్త్రి టేపు తెచ్చి చక్రము మధ్య నుండి పైన రేకు అంచు వరకు రెండు వైపులా కొలిచాడు. ఎడమవైపు 2 అంగుళాలు తక్కువ. గొయ్యిలో పడిన ప్రతిసారీ అడుగున ఇనుము ఇనుముకు తగిలి ఢామ్మనేది. అదే వ్యానులో మా సంఘస్థుడొకాయన వారానికి రెండుసార్లు డయాలసిస్ కొరకు రాజమండ్రి వెళ్తున్నాడు. మా లంక ఊరి నుండి గట్టు రోడ్డు మీదుగా రావులపాలెం, అక్కడ గౌతమి వంతెన దాటి, కడియపులంక నర్సరీల మీదుగా రాజమండ్రి. వెళ్ళేటప్పుడు ఆయన ఎలాగో ఓర్చుకునేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం గట్టు రోడ్డు రాగానే సీటు ముందుభాగాన్ని రెండు చేతులతో పట్టుకొని కళ్ళు మూసుకునేవాడు. నోరు తెరచి ఒక్కమాట అనలేదు. బండి సంఘానిది, నేను ఉచితంగా ఎక్కుతున్నాను అనే మొగమాటం ఆయనది.

సంఘ పెద్దలు కూర్చున్నప్పుడు మూడు మాటలు వచ్చినవి. మొదటి మాట: “కట్టలో ఇంకొక పట్టీ వేయిద్దాము. బండి ఎత్తుగా నిలబడుతుంది, పండుగలకు పన్నెండు మందిని ఎక్కించవచ్చు.” ఇది మన వైపు అందరూ చేసే పనే. రెండవ మాట మా యౌవనస్థుడొకనిది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ పందెము చూచి వచ్చిన పిల్లవాడు అతడు. “అయ్యగారూ, స్పోర్ట్స్ కార్లకు గట్టి స్ప్రింగులు, గట్టి షాక్ అబ్జార్బర్లు బయటి కంపెనీలవి దొరుకుతాయి. అలాంటివి మనమూ వేయిద్దాం. మూల తిరిగేటప్పుడు బండి ఒరగదు” అన్నాడు. మూడవ మాట ఖర్చు గురించి: “ఇంకొక ఏడాది ఇలాగే నడిపిద్దాము.”

పిల్లవాని మాటను మేము తేలికగా తీసివేయలేదు. అతడు చెప్పినది నిజమే. స్పోర్ట్స్ కారుకు గట్టి స్ప్రింగు మేలు చేస్తుంది. పందెపు బాట నున్నగా ఉంటుంది, కారులో ఒక్కడే ఉంటాడు, వేగంగా మలుపు తిరిగేటప్పుడు కారు ఒరగకుండా ఉండుటే అక్కడ కావలసినది. ఇంకొక విశేషము కూడా అతనికి చెప్పాము. కమాను పట్టీ అంటే పాతకాలపు లారీ సామానని చిన్నచూపు వద్దు. అమెరికాలో పేరుపొందిన కార్వెట్ అను స్పోర్ట్స్ కారుకు 1963 నుండి 2019 దాకా వెనుక భాగంలో అడ్డంగా అమర్చిన కమాను పట్టీనే వాడారు. 1980ల నుండి దానిని ఉక్కుకు బదులు గాజునారతో చేశారు. గనుక సామాను గొప్పదా కాదా అని అడుగుటకంటె, బాట ఎటువంటిది, బండిలో కూర్చునేది ఎవరు అని అడుగుట మేలు.

ఇక అదనపు పట్టీ సంగతి. పట్టీ కూడితే కట్ట గట్టిపడుతుంది, బండి లేస్తుంది, ఇది కంటికి కనబడుతుంది. కనబడనివి కొన్ని ఉన్నవి. పట్టీ ఎక్కువైనంత మాత్రాన బ్రేకులు పెరగవు, టైర్ల శక్తి పెరగదు, ఇరుసు లావు కాదు. పన్నెండు మంది ఎక్కితే కమాను మోస్తుంది గాని, ఆపవలసినప్పుడు బ్రేకు పాత బ్రేకే. ఇద్దరు ముగ్గురే ఎక్కినప్పుడేమో గట్టి కట్ట వంగదు. గతుకు దెబ్బ అంతా సీటుకు, సీటు నుండి వెన్నెముకకు వస్తుంది. వెనుక చక్రము ఎగిరి నేల విడుస్తుంది. తడిసిన గట్టు మీద అలా జరిగితే ప్రక్కన కాలువ ఉన్నదని మరువకూడదు. చట్టము మాట కూడా ఉన్నది. రిజిస్ట్రేషను పత్రములో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షన్ చెబుతున్నది. మా పత్రములో డ్రైవరుతో కలిపి 8 మంది అని ఉన్నది.

చివరికి తీర్పు చెప్పినది స్త్రీల సమాజము. మరమ్మతుకు డబ్బు వారిదే. ప్రతి పూటా వంటకు ముందు తీసి దాచిన పిడికెడు బియ్యము అమ్మి కూడబెట్టినది. వారిలో పెద్దావిడ లేచి, “బండి ఎత్తుగా నిలబడితే మాకేమి లాభమండీ అయ్యగారూ? మా నడుములు నిలబడాలి గాని. పన్నెండు మంది ఎక్కే పండుగ ఏడాదికి రెండుసార్లు. ఆ అబ్బాయి ఆసుపత్రికి వెళ్ళేది వారానికి రెండుసార్లు. ఎవరి కొరకు బాగు చేయిస్తున్నారు?” అని అడిగింది. ఆ ప్రశ్నకు ఎవరూ ఎదురు చెప్పలేదు. పండుగనాడు ఆటో మాట్లాడుకోవచ్చునని, వ్యానుకు కంపెనీ కొలతకు సరిపడే కమాను కట్టలు, షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్షులు రెండు వైపులా క్రొత్తవి వేయించాలని నిర్ణయమైనది.

సామాను రాజమండ్రిలో బయటి మార్కెట్టులో కొన్నాము. బయటి సామాను అంతా చెడ్డది కాదు, అంతా మంచిదీ కాదు. మేస్త్రి మాకు నేర్పిన పరీక్షలు చెబుతాము. క్రొత్త కట్టను పాత కట్ట ప్రక్కన పెట్టి పట్టీల లెక్క, మందము, కంటి నుండి కంటికి పొడవు చూడాలి. మధ్య బోల్టు తల ఇరుసు మీది రంధ్రములో సరిగా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇరుసు వంకరగా నిలబడి బండి ప్రక్కకు నడుస్తుంది. ఒక వైపు మాత్రమే మార్చకూడదు. ఒక కాలికి క్రొత్త చెప్పు, రెండవ కాలికి అరిగిన చెప్పు వేసుకొని నడిచినట్లు ఉంటుంది.

పని ఒక దినము పట్టింది. ముందు చక్రాలకు కొయ్య దిమ్మలు అడ్డుపెట్టి, వెనుక భాగాన్ని జాకీతో ఎత్తి, చట్రము క్రింద స్టాండ్లు నిలిపారు. జాకీ ఒక్కదాని మీద నమ్మకముంచి బండి క్రింద దూరవద్దని మేస్త్రి తన కుర్రవానికి రెండుసార్లు చెప్పాడు. సముద్రపు గాలికి నట్లు తుప్పుపట్టి ఉన్నవి. వాటికి ముందురోజు సాయంత్రమే కిరసనాయిలు పోసి ఉంచారు. ఇరుసుకు వేరే జాకీ ఆధారమిచ్చి, షాక్ అబ్జార్బర్లు విప్పి, తరువాత యూ బోల్టులు, ఆ తరువాత కట్ట రెండు చివరల బోల్టులు తీశారు. ఎడమ కట్ట బయటకు రాగానే కారణము కనబడింది. ప్రధాన పట్టీ క్రింది పట్టీ నడుమ విరిగి ఉన్నది.

షాక్ అబ్జార్బరు బరువు మోస్తుందని చాలామంది అనుకుంటారు. బరువు మోసేది కమాను. గతుకు తరువాత కమాను ఊగుతూ ఉంటే ఆ ఊపును అణచేది షాక్ అబ్జార్బరు. దాని లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా నెట్టబడుతూ ఆ ఊపును వేడిగా మార్చివేస్తుంది. పరీక్ష సులభము. బండి మూలను చేతులతో అదిమి విడిచిపెట్టండి. ఒకసారి లేచి నిలిచిపోతే మంచిది. ఉయ్యాలవలె ఊగినా, బయట నూనె తడి కనబడినా దాని పని అయిపోయినట్లే.

బిగించేటప్పుడు మేస్త్రి చేసిన పని ఒకటి మాకు బాగా జ్ఞాపకమున్నది. కట్ట చివరల రబ్బరు బుష్షుల బోల్టులను సగమే బిగించి, చక్రాలు వేసి, బండిని నేలకు దించి, మనుష్యులను వెనుక కూర్చోబెట్టి, అప్పుడు పూర్తిగా బిగించాడు. గాలిలో వ్రేలాడుతున్నప్పుడే బిగిస్తే, బరువు పడగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుందట. అలాగే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత యూ బోల్టులు మరల బిగించుకోవాలని చెప్పాడు. క్రొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకొనగానే బోల్టు కాస్త వదులవుతుంది.

తరువాతి డయాలసిస్ దినమున మేము కూడా వెంట వెళ్ళాము. తిరుగు ప్రయాణంలో గట్టు రోడ్డు వచ్చింది. గతుకులు ఉన్నచోటనే ఉన్నవి. అవి తగులుతూనే ఉన్నవి గాని, ఆ ఢామ్మనే దెబ్బ లేదు. ఆయన చేతులు ఒడిలోనే ఉన్నవి. రెండవ మలుపు దాటేసరికి తల ప్రక్కకు వాల్చి నిద్రపోయాడు. డ్రైవరు కుర్రవాడు అద్దములో చూచి, ఎవరూ చెప్పకుండానే వేగము తగ్గించాడు.

పాత విరిగిన పట్టీలను ఊరి కమ్మరి అడిగి తీసుకొన్నాడు. కమాను ఉక్కుతో చేసిన కత్తి పదును నిలుపుకుంటుంది గనుక కొబ్బరితోటల వారికి అది ఇష్టము.

మన కుటుంబాలలో ఇప్పుడు ఆటోలు, పాత వ్యాన్లు, ట్రాలీలు చాలా ఉన్నవి. వానలు మొదలుకాకముందే ఒక ఉదయము బండి వెనుక వంగి చూడండి. రెండు వైపుల ఎత్తు కొలవండి. పట్టీలలో పగులు, బుష్షులలో చీలిక, షాక్ అబ్జార్బరు మీద నూనె తడి ఉన్నవేమో చూడండి. తరువాత ఇంటిలో అందరికంటె పెద్దవారిని వెనుక సీటులో కూర్చోబెట్టి, గతుకుల రోడ్డు మీద ఒక మైలు నడిపి, ఎలా ఉన్నదని అడగండి. వారు మొగమాటపడి “బాగానే ఉంది నాయనా” అంటారు. మాట విని ఊరుకోకుండా, వారి చేతులు సీటును పట్టుకొని ఉన్నవేమో కూడా చూడండి.