చేతికి అలవాటైన తుపాకీ

తుపాకులంటే ఇష్టపడేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తుంది: అన్నిట్లోకీ నీకు నచ్చింది ఏది? ఇక తెల్లవార్లూ కబుర్లే. ఒకాయన మౌజర్ అంటాడు. ఇంకొకాయన ఇంగ్లండు డబుల్ రైఫిల్‌కు సాటి లేదంటాడు. మూడో ఆయన ఇద్దర్నీ వారించి, వాళ్ల తాతగారి పన్నెండు బోరు సంగతి ఎత్తుకుంటాడు. ఈ మాటలు వినడం నాకు చాలా ఇష్టం. నచ్చిన తుపాకీ పేరు చెప్పగానే ఆ మనిషి ఎలాంటి అడవిలో తిరిగాడో, ఎంత దూరం నుంచి కాలుస్తాడో, ఎన్ని మైళ్లు నడిచేవాడో సగం తెలిసిపోతుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, షికారు రోజులు ముగిశాయి. ముగియడమే మంచిదని నా గట్టి నమ్మకం. కాబట్టి వేట తుపాకుల గురించి నేను చెప్పేదంతా పాతకాలం సంగతి. అయినా చెప్పుకోదగ్గ సంగతే.

మన బొల్లారం మనిషితోనే మొదలుపెడతాను. వేటగాడూ రచయితా అయిన కెన్నెత్ ఆండర్సన్ 1910లో సికింద్రాబాద్ పక్కనున్న బొల్లారంలో పుట్టాడు. స్కాట్లండు నుంచి వచ్చి తరతరాలుగా ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఆయన కాపురం బెంగళూరులో, తిరుగుడంతా దక్షిణాది అడవుల్లో. మన చిత్తూరు వైపు చామల లోయలో మనిషి రక్తం మరిగిన పులి కథ 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలోనే ఉంది. ఇన్ని అడవుల్లోనూ ఆయన చేతిలో ఎక్కువగా కనిపించేది ఒకటే రైఫిలు: .405 వించెస్టర్, 1895 మోడల్.

అది పనిచేసే తీరు భలే ముచ్చటగా ఉంటుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడ్డీయే దానికి లీవరు. కిందికి తోస్తే కాలిన తూటా డొల్ల బయటికి ఎగిరిపడుతుంది, మళ్లీ పైకి మూస్తే కొత్త తూటా బారులోకి వెళ్లి కూర్చుంటుంది. తుపాకీని భుజం మీంచి దించక్కర్లేదు. అంతకుముందు వించెస్టర్ వాళ్ల లీవరు రైఫిళ్లలో తూటాలు బారు కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉండేవి. వెనకదాని మొన ముందుదాని అడుగున సరిగ్గా మందును అంటించే టోపీ మీద ఆనుకునేది. మొన కోసుగా ఉంటే, కాల్చినప్పటి కుదుపుకి గొట్టంలోనే తూటా పేలిపోయే ప్రమాదం ఉంది. అందుకని మొద్దు మొనలే వాడాల్సి వచ్చేది. జాన్ బ్రౌనింగ్ ఈ 1895 మోడల్‌కి గొట్టం తీసేసి ట్రిగ్గర్ ముందు పెట్టె అమర్చాడు. దాంతో బలమైన తూటాలు, కోసు మొనలు కూడా లీవరు రైఫిల్లోకి వచ్చాయి. .405 తూటా 1904లో వచ్చింది. గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాములకు కాస్త పైన. అమెరికా అధ్యక్ష పదవి దిగిపోయాక థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు వెళ్తూ దీన్ని వెంట తీసుకెళ్లాడు. సింహాల మీదికి ఇదే సరైందని మెచ్చుకున్నాడు కూడా.

ఇంతకీ ఇది అన్నిటికంటే గొప్ప రైఫిలా? కాదు. లావు గుండు కాబట్టి దూరం పెరిగేకొద్దీ తొందరగా కిందికి దిగిపోతుంది. భుజాన్ని గట్టిగా తన్నుతుంది. డబ్బున్నవాళ్లు పులి వేటకి ఇంగ్లండు డబుల్ రైఫిళ్లు తెప్పించుకునేవారు. కానీ మన పొదల అడవుల్లో పులి కనిపించేదే ముప్ఫై, నలభై గజాల్లో. అంత దగ్గర్లో గుండు ఎంత దూరం తిన్నగా పోతుందన్న లెక్క అక్కర్లేదు. చీకట్లో మంచె మీద కూర్చున్నవాడికి కావలసింది, కళ్లతో వెతుక్కోకుండానే వేళ్లు లీవరు మీదికి వెళ్లడం. అది ఏ దుకాణంలోనూ దొరకదు, ఏళ్ల తరబడి ఒకే తుపాకీ మోస్తే వస్తుంది. ఆండర్సన్ ఎంపికలో నాకు నచ్చింది అదే.

హిమాలయాల వైపు మనిషి రక్తం మరిగిన పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ దారి వేరు. ఆయనవి కొండలు. చిన్నప్పుడు చేతికొచ్చిన మొదటి తుపాకీ మందు దట్టించి కాల్చే పాత జోడు తుపాకీ. దాని రెండు బారుల్లో ఒకటి చీలిపోయింది, మొత్తానికి ఇత్తడి తీగ చుట్టి కట్టుకున్న సరుకు. ఒక్క బారుతో కాల్చాలి కాబట్టి దగ్గరికి వెళ్లకుండా, తప్పకుండా తగులుతుందని తేలకుండా ట్రిగ్గర్ నొక్కకూడదని అప్పుడే ఒంటబట్టింది.

1907లో చంపావత్ ఆడపులి సంగతి చూడండి. 436 మందిని పొట్టన పెట్టుకున్నదని చెప్పే పులి అది. కార్బెట్ దగ్గరున్న .500 రైఫిల్లో మూడే తూటాలు. అవి అయిపోయాయి. దెబ్బ తిన్న పులి ఇంకా ఎదురుగానే ఉంది. పరుగెత్తుకెళ్లి, వెంట వచ్చిన తహశీల్దారు చేతిలోని తుపాకీ లాక్కుని వచ్చాడు. తీరా చూస్తే అది బారుకీ వెనక మూతకీ మధ్య సందు కనిపిస్తున్న పాతది. కాలిస్తే తన కళ్లకే ప్రమాదం అని తెలిసీ కాల్చాడు. గుండు గురిపెట్టిన చోటికి కాకుండా పులి పంజాకి తగిలింది. అదృష్టం బాగుండి అంతకుముందు తగిలిన దెబ్బలకే పులి కూలిపోయింది. ఎంత గొప్పవాడైనా చేతికి తెలియని తుపాకీ పట్టుకుంటే ఏమవుతుందో దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ పులిని చంపినందుకే యునైటెడ్ ప్రావిన్సెస్ (నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్) లెఫ్టినెంట్ గవర్నరు జాన్ హ్యూవెట్ ఆయనకు ఒక రైఫిలు బహుమతిగా ఇచ్చాడు. .275 రిగ్బీ. బట్‌కి వెండి రేకు బిగించి, ఎందుకిచ్చారో దానిమీద చెక్కించారు. లండన్ రిగ్బీ కంపెనీ జర్మన్ మౌజర్ యంత్రం తెప్పించి తమ చేత్తో తీర్చిదిద్దిన రైఫిలు అది. తూటా కూడా జర్మన్ 7 మిల్లీమీటర్లదే, ఇంగ్లండు కొలతలో పేరు మార్చారంతే. తేలికైనది, సన్నటిది. గఢ్వాల్ కొండల్లో రోజుకు ఇరవై మైళ్లు ఎక్కి దిగేవాడికి తుపాకీలో ప్రతి అరకేజీ లెక్కే. 1926లో మనుషుల్ని తినే రుద్రప్రయాగ చిరుతను పడగొట్టింది ఈ రైఫిలే. పెద్దపులుల మీదికి మాత్రం తర్వాతి రోజుల్లో ఆయన జెఫ్రీ కంపెనీ .450/400 డబుల్ రైఫిలు పట్టుకెళ్లేవాడు. 400 గ్రెయిన్ల గుండు, రెండు బారులు, రెండు ట్రిగ్గర్లు, రెండు వేరువేరు యంత్రాలు. ఒకటి మొరాయించినా రెండోది పేలుతుంది. పులి మీదికి దూకినప్పుడు ఆ భరోసా కన్నా విలువైంది ఏముంటుంది? అయినా నన్నడిగితే నా మనసు రిగ్బీ వైపే. ఆ రైఫిలు చేతులు మారి మారి చివరికి తయారుచేసిన కంపెనీకే తిరిగి చేరింది.

అదే చిన్న 7 మిల్లీమీటర్ల తూటాతో ఆఫ్రికాలో బెల్ అనే స్కాట్లండు వేటగాడు వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు, ఎక్కువ భాగం ఈ తూటాతోనే. దంతాల కోసం చేసిన ఆ చంపుడు తలుచుకుంటే నాకు బాధే తప్ప మెప్పు లేదు. కానీ ఏనుగు పుర్రెను రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో, ఏ పక్క నుంచి చూస్తే ఎక్కడ గురిపెట్టాలో నేర్చుకున్నాడన్నది మాత్రం గుర్తుంచుకోవలసిన విషయం. గుండు ఎంత లావుదన్న దానికంటే ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యమని అంతకంటే స్పష్టంగా ఎవరూ చూపించలేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఏ తుపాకీ నచ్చాలో కొన్నిసార్లు చట్టం నిర్ణయిస్తుంది. గత శతాబ్దం మొదట్లో ఆంగ్లేయ ప్రభుత్వం మన దేశంలోకి .450 రైఫిళ్లు రాకుండా ఆపేసింది. సైన్యం దగ్గరున్న మార్టినీ-హెన్రీ తుపాకులదీ అదే కొలత. వేటగాళ్ల తూటాలు తిరుగుబాటుదార్ల చేతికి చిక్కుతాయని భయం. అప్పుడు ఇంగ్లండు తుపాకుల కంపెనీలు ఆ కొలతకి కాస్త అటూ ఇటూ జరిగి .465 అనీ, .470 అనీ కొత్తవి తయారుచేశాయి. ఇవాళ ప్రపంచమంతా పెద్ద వేట తుపాకుల్లో .470ని నెత్తిన పెట్టుకుంటోంది. దాని పుట్టుకకి కారణం మన దేశంలోని నిషేధం. మన .315 కథ కూడా అదే బాట. .303 సైన్యం తూటా కాబట్టి మామూలు మనుషులకు ఇవ్వరు. అందుకని బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .303 యంత్రాన్నే తీసుకుని 8 మిల్లీమీటర్ల .315 రైఫిలు తయారుచేసింది. లైసెన్సున్నవాళ్లలో ఎంతోమందికి మొదటి రైఫిలు అదే.

రైఫిలు దాటి పన్నెండు బోరుకు వస్తే అది ఇంకో ప్రపంచం. బ్యాంకు గుమ్మం ముందు కాపలాదారు చేతిలో మీరు చూసే డబుల్ బ్యారెల్ అదే. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే, ఒక్కొక్కటి సరిగ్గా పట్టేంత బారు కాబట్టి పన్నెండు బోరు. రైఫిలుకి వెనక ఒక సైటు, ముందు ఒక సైటు ఉంటాయి. దీనికి వెనక సైటు ఉండదు. చెంప బట్‌కి ఆనించినప్పుడు మీ కన్నే ఆ వెనక సైటు. కాబట్టి బట్ పొడవు, వంపు మనిషి కొలతకి కుదరకపోతే ఎంత ఖరీదైన తుపాకీ అయినా దండగే. ఇంగ్లండులో దర్జీ చొక్కాకి కొలత తీసినట్టు చేయి, మెడ, చెంప కొలిచి బట్ చెక్కేవారు. తాతగారి తుపాకీ మనవడికి సరిగ్గా తగలకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే, గురి కాదు.

ఈ కొలతల సంగతి పతాక స్థాయికి చేరింది ఈనాటి పోటీ షూటింగులో. వేట పోయినా తుపాకీ మీద ప్రేమకి ఇంత చక్కటి దారి దొరికిందని నాకు నిజంగా సంతోషం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యం మీద పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. కాల్చే పెల్లెట్టే 4.5 మిల్లీమీటర్లు. అంటే చుక్క వెడల్పు పెల్లెట్టులో తొమ్మిదో వంతే; పెల్లెట్టు అంచైనా దాన్ని తాకాలి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం తెచ్చింది ఇందులోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ 701.1 మార్కులతో కాంస్యం తెచ్చాడు. ఆ రైఫిళ్లకి చెంప ఆనే చోటు, భుజానికి ఆనే చోటు, చేతి పట్టు అన్నీ మరలతో మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుకోవచ్చు. బరువు అయిదున్నర కిలోలు దాటకూడదన్నది నియమం. ఆ బరువుని ఎముకల మీద నిలబెట్టడం నేర్చుకోవాలి, కండతో మోస్తే వణుకు తప్పదు.

పిస్తోలు ఇంకా కష్టం. ఒంటి చేత్తో, చాచిన చేత్తో కాల్చాలి. పది మీటర్ల ఎయిర్ పిస్తోలుకి ట్రిగ్గర్ అర కిలో బరువుకన్నా తేలిగ్గా కదలకూడదు. స్విట్జర్లండు మోరిని, ఆస్ట్రియా స్టెయిర్, జర్మనీ వాల్తెర్, ఫైన్‌వెర్క్‌బావ్... వీటిలో ఏది గొప్ప అని షూటర్లు గంటలకొద్దీ వాదించుకుంటారు. కానీ ఏది కొన్నా చేసే మొదటి పని, చెక్క పట్టుని అరచేతికి తగ్గట్టు ఆకురాయితో అరగదీయడం, ఖాళీ ఉన్నచోట పుట్టీ నింపడం. ఆ తర్వాత అది ఇంకొకరి చేతికి పనికిరాదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది పిస్తోలుతోనే. ఇక యాభై మీటర్ల రైఫిల్ వాళ్లకి తూటాలదే పెద్ద బెంగ. ఒకే కంపెనీ, ఒకే పెట్టె పేరు అయినా, ఒక్కో తయారీ విడత ఒక్కో బారుకి నప్పుతుంది. అందుకని రైఫిల్‌ని బిగింపులో కట్టేసి, విడతకి పదేసి తూటాలు కాల్చి, ఏ రంధ్రాలు దగ్గరగా పడితే ఆ విడత తూటాలే వేలకొద్దీ కొనిపెట్టుకుంటారు.

మీలో ఎవరికైనా, లేదా మీ పిల్లలకైనా చేతులు దురద పెడుతుంటే హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజి ఉంది, వెళ్లి చూడండి. 20 జౌళ్లలోపు బలమున్న .177 ఎయిర్ రైఫిలుకి లైసెన్సు అక్కర్లేదు. పేరు చూసి తొందరపడి కొనొద్దు. క్లబ్బు తుపాకులు నాలుగైదు మార్చి మార్చి పట్టుకోండి, కళ్లు మూసుకుని భుజానికెత్తి, కళ్లు తెరిచేసరికి సైట్లు తిన్నగా వరసలో ఉన్నాయేమో చూడండి. అలా ఉన్నదాన్ని మీకోసం పక్కన పెట్టమని కోచ్‌కి చెప్పండి.