గెలిచే జట్టుకు జనం అక్కరలేదా?

పిల్లలూ! మీకొక చిన్న ప్రశ్న. ఒక వూళ్ళో రెండు జట్లు వున్నవనుకోండి. ఒకటి ఎప్పుడూ గెలుస్తుంది. రెండవది ఒకసారి గెలుస్తుంది, ఒకసారి ఓడుతుంది. ఏ జట్టు ఆట చూడటానికి జనం ఎక్కువగా వస్తారు?

"గెలిచే జట్టు ఆటకే!" అని మీరు వెంటనే అంటారు. నేను కూడా చాలాకాలం అలాగే అనుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి నేను. అయినా ఈ ప్రశ్నకు జవాబు నాకు ఏ పుస్తకమూ ముందుగా చెప్పలేదు. శెనక్కాయలు అమ్ముకునే ఒక అవ్వ, తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లవాడు చెప్పారు. ఆ సంగతి వినండి.

రేణిగుంటకూ శ్రీకాళహస్తికీ నడుమ ఏర్పేడు వున్నది. 2009 లో ఆ మండలంలోని ఒక వున్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయుడిగా వచ్చాను. ఆ బడికి గొప్ప పేరు తెచ్చింది చెడుగుడు. ఇప్పుడందరూ కబడ్డీ అంటున్నారు. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెడుగుడనే అంటారు. ఏటా సంక్రాంతి వెళ్ళాక చుట్టుపక్కల అయిదారు బడుల పిల్లలు మా ఆటస్థలానికి వచ్చి పోటీపడేవారు. నేను చేరకముందే మా జట్టు వరసగా రెండేళ్ళు కప్పు గెలిచి వున్నది.

2010 జనవరిలో మొదటిసారి ఆ పోటీ చూశాను. ఏమి జనం! గోడమీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నారు, వేపచెట్టు కొమ్మ లెక్కినవాళ్ళు ఎక్కారు. మావాడు కూతకు వెళితే వూరంతా వూపిరి బిగపట్టేది. రైలు కూత వేసుకుంటూ పోయినా ఎవరికీ వినిపించేది కాదు. గేటు పక్కన ఒక అవ్వ గంపలో వేయించిన శెనక్కాయలు పెట్టుకుని కూర్చునేది. ఆట ముగిసేలోగా గంప ఖాళీ అయ్యేది.

ఆ ఏడు గెలిచాం. 2011 లో గెలిచాం. 2012 లోనూ గెలిచాం. అంటే వరసగా అయిదేళ్ళు! కాని 2012 లో ఒక వింత జరిగింది. గోడమీద ఎవరూ లేరు. చెట్టుమీద కాకులు తప్ప ఎవరూ లేరు. వచ్చిన జట్ల పిల్లలు, వాళ్ళ మేష్టర్లు, దారిన పోతూ ఆగిన నలుగురైదుగురు, అంతే. గేటు పక్కన అవ్వ గంప కూడా లేదు.

మరునాడు దారిలో అవ్వ కనిపిస్తే, "ఏం అవ్వా, నిన్న రాలేదే?" అని అడిగాను.

"ఎవురికి అమ్మేది అయివోరూ? మన పిలకాయలే గెలస్తారని వూరికంతా తెలుసు. తెలిసిన కతకు రేయంతా మేలుకొనేది ఎవురు?" అన్నది అవ్వ.

అవ్వ మాట విని నవ్వుకున్నాను. కాని అంతకుముందు సాయంకాలం జరిగినది తలుచుకుంటే నవ్వు నిలవలేదు. ఆ సాయంకాలం మా జట్టు నాయకుడు కప్పు తెచ్చి నా బల్లమీద పెట్టాడు. పెట్టి, వెళ్ళకుండా నిలబడ్డాడు.

"ఏమిరా?" అన్నాను.

"సార్, వచ్చే ఏడు మొదటి ఆట ఓడిపోదామా?"

నేను తెల్లబోయాను. "ఎందుకురా?"

"ఒక్క ఆట ఓడితే అందరూ వస్తారు సార్. నేను ఎనిమిదిలో వున్నప్పుడు మా నాయన వచ్చినాడు. ఈ తూరి రమ్మంటే, 'నువ్వు ఎట్టా గెలస్తావు గదరా, కరెంటు వచ్చే వేళకి మడికి నీళ్ళు కట్టాల' అని పాయ."

ఆ పిల్లవాడు నన్ను నిందించలేదు. అయినా నాకు తల దించుకోవలసినంత పని అయింది. ఎందుకంటే ఆనాటి ఆఖరి ఆట నేను కూడా చూడలేదు! ఆటస్థలానికి ఇరవై బారల దూరంలో, నా గదిలో కూర్చుని జీతాల బిల్లు సరిచూసుకుంటున్నాను. "ఎలాగూ గెలుస్తారు, బహుమతులు ఇచ్చే వేళకు వెళితే చాలు" అనుకున్నాను. వాళ్ళ నాయనకు పొలం వున్నది. నాకున్న సాకు ఒక్క కాగితం.

చూశారా పిల్లలూ! మేమెవరమూ ఆ జట్టును వద్దనుకోలేదు. వాళ్ళమీద మాకు నమ్మకం ఎక్కువై ఇంటిపట్టున వున్నాం. ఓడే జట్టును జనం విసుగుతో వదిలిపెడతారు. గెలిచే జట్టును నమ్మకంతో వదిలిపెడతారు. ఆడే పిల్లవాడికి మాత్రం రెండూ ఒకటే. తల ఎత్తి చూస్తే గోడమీద ఎవరూ వుండరు.

ఇది మా వూరి వింత ఒక్కటే కాదని నాకు తరువాత తెలిసింది. వుద్యోగం విరమించాక తీరిక దొరికి, ఆటల చరిత్రలు చదివాను. అవ్వ చెప్పిన మాటే అక్కడా కనిపించింది. మా కథను ఇక్కడ కొంచెం ఆపి, అది చెబుతాను.

అమెరికాలో బేస్‌బాల్ అని ఒక ఆట వున్నది. అది మన క్రికెట్టుకు దూరపు చుట్టం. ఒకడు బంతి విసురుతాడు. ఇంకొకడు గుండ్రటి కర్రతో కొడతాడు. నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. ఈ ఆటలో న్యూయార్క్ యాంకీస్ అనే జట్టు చాలా పేరుపొందినది. 1948 లో ఆ జట్టు తమ విభాగంలో మూడవ స్థానంలో నిలిచింది. కాని పోటీ చివరి రోజులదాకా ఎవరు గెలిచేదీ తేలలేదు. ఆ ఏడాది మొత్తంమీద వాళ్ళ మైదానానికి వచ్చిన ప్రేక్షకులు 23 లక్షలకు పైగా వున్నారు. తరువాత 1949 నుంచి 1953 వరకు ఆ జట్టు వరసగా అయిదేళ్ళు దేశంలోకెల్లా పెద్ద బిరుదు గెలిచింది. మరి ప్రేక్షకులు పెరిగారా? లేదు! 1953 లో వచ్చినవారు సుమారు 15 లక్షలు. మూడవ స్థానంలో నిలిచిననాడు వచ్చినంతమంది, అయిదవసారి గెలిచిననాడు రాలేదు.

దీనికి వేరే కారణాలు కూడా లేకపోలేదు. ఆ రోజుల్లోనే ఇంటింటికీ టెలివిజన్ వచ్చింది. చాలామంది నగరం విడిచి దూరపు పేటలకు కాపురం మార్చారు. అయినా ఫలితం ముందే తెలిసిపోవడం కూడా ఒక కారణమని పెద్దలు ఆలోచించారు. 1956 లో సైమన్ రాటెన్‌బర్గ్ అనే అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు బేస్‌బాల్ గురించి ఒక వ్యాసం రాశాడు. ఎవరు గెలుస్తారో తెలియకుండా వుంటేనే జనం ఆటకు వస్తారనీ, అందుకని జట్లు ఇంచుమించు సమానమైన బలంతో వుండాలనీ ఆయన చెప్పాడు. ఆయన శాస్త్రజ్ఞుడు, మా అవ్వ శెనక్కాయల వ్యాపారి. అయితేనేమి, ఇద్దరూ చెప్పింది ఒకటే.

మన దేశం సంగతి చూద్దామా? 2013 నుంచి మన క్రికెట్ జట్టు సొంతగడ్డమీద వరసగా 18 టెస్టు పోటీల వరసలు గెలిచింది. ప్రపంచంలో ఏ జట్టూ అన్ని గెలవలేదు. అటువంటి జట్టు 2019 అక్టోబరులో రాంచీలో దక్షిణాఫ్రికాను ఇన్నింగ్స్ 202 పరుగుల తేడాతో ఓడించినప్పుడు, మైదానంలో ఖాళీ కుర్చీలే ఎక్కువగా కనిపించాయి. టెస్టులను జనం బాగా వచ్చే అయిదు వూళ్ళలోనే ఆడిస్తే మేలని అప్పటి నాయకుడు విరాట్ కోహ్లీ అన్నాడు. టెస్టు అయిదు రోజుల ఆట. పని మానుకుని రావటం కష్టమే. దానికితోడు "మనవాళ్ళే గెలుస్తారులే" అనే ధీమా కూడా కొందరిని ఇంట్లో కూర్చోబెట్టి వుండాలి.

కాని ధీమా ఎప్పుడూ నిజం కాదు సుమా! 2024 జనవరిలో హైదరాబాదు వుప్పల్ మైదానంలో ఇంగ్లండుతో టెస్టు జరిగింది. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళకు 190 పరుగుల ఆధిక్యం వచ్చింది. ఇక చూడటానికేమున్నది అనుకునే సమయంలో ఇంగ్లండు ఆటగాడు ఓలీ పోప్ 196 పరుగులు చేశాడు. నాలుగవరోజు సాయంకాలానికి మనవాళ్ళు 28 పరుగుల తేడాతో ఓడిపోయారు! అదే ఏడాది చివర న్యూజిలాండు జట్టు వచ్చి, మూడు టెస్టులూ గెలిచి, ఆ 18 వరసల గెలుపు గొలుసును తెంచి పోయింది. అంటే ఫలితం తెలుసునని మనం అనుకోవటమే కాని, ఆటకు ఆ సంగతి తెలియదు.

ఇక మా వూరికి వద్దాం. నాయకుడి ప్రశ్నకు ఆ సాయంకాలమే జవాబు చెప్పాను. "నాయనా, ఓడినట్టు నటించి జనాన్ని రప్పిస్తే వాళ్ళు చూసేది ఆట కాదు, వీధినాటకం. అది అవతలి పిల్లలకూ అవమానమే. మనం తగ్గకూడదు. వాళ్ళు పెరగాలి."

"వాళ్ళెట్టా పెరుగుతారు సార్?"

ఆ రాత్రంతా ఆలోచించాను. ఆ తరువాత మా డ్రిల్లు మాస్టరుతో మాట్లాడాను. జూన్‌లో బడి తెరిచినప్పటినుంచి ప్రతి శనివారం సాయంకాలం మా పిల్లలు పక్క వూరి బడికి వెళ్ళి, వాళ్ళతో కలిసి సాధన చెయ్యాలని నిర్ణయించాం. రెండు బడుల పిల్లలనూ కలగలిపి జట్లు కట్టాలి. మా విద్య వాళ్ళకు నేర్పాలి.

మా జట్టు విద్యలో ముఖ్యమైనది కాలిపట్టు. కూతకు వచ్చినవాడు వెనుదిరిగే క్షణం కనిపెట్టి, వంగి, వాడి చీలమండ రెండుచేతులా పట్టుకోవడం. అది నేర్పమనేసరికి పిల్లలు గొల్లుమన్నారు. "సార్! ఆ పట్టు నేర్పితే వాళ్ళు మమ్మల్నే పడతారు!"

"పట్టాలనే నేర్పమంటున్నాను," అన్నాను. పైకి ధైర్యంగానే అన్నాను గాని, మనసులో బెదురుగానే వున్నది. అయిదేళ్ళుగా బడిలో వున్న కప్పు నా మూలంగా పోతే వూళ్ళో ఏమంటారు?

2013 జనవరి వచ్చింది. మొదటి రోజు ఆటలో మావాళ్ళు కేవలం రెండు పాయింట్ల తేడాతో బయటపడ్డారు. ఈ వార్త రాత్రికి రాత్రి టీ అంగళ్ళలో పాకిపోయింది. మరునాడు ఆఖరి ఆట, మేము శనివారాలు వెళ్ళిన ఆ బడితోనే. మధ్యాహ్నానికే గోడ నిండింది, వేపచెట్టు నిండింది. గేటు పక్కన గంప వచ్చింది. నేను గదికి తాళం వేసి, గీత పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

ఆట చివరికి రెండు జట్లూ సమానంగా వున్నవి. ఆఖరి కూత మాది. మా నాయకుడు వెళ్ళాలి. అడ్డగీత దాటి వూరికే తిరిగివచ్చినా ఆట సమానంగానే వుండేది. కాని వాడు అలా రాలేదు. మూలన వున్నవాణ్ణి తాకటానికి లోపలికి దూకాడు. తాకలేకపోయాడు. వెనుదిరిగిన క్షణంలో ఒక బక్కపలచని పిల్లవాడు వంగి, వాడి చీలమండ పట్టుకున్నాడు. వాడు నేర్పిన పట్టే! మా జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

మా నాయకుడు మట్టిలో అలాగే కూర్చుని ఏడ్చాడు. నాకేమి చెయ్యాలో తోచలేదు. ఇంతలో గుంపులోనుంచి ఒకాయన వచ్చాడు. పంచె మోకాళ్ళపైకి ఎగకట్టి వున్నది, కాళ్ళకు మడిబురద ఇంకా ఆరలేదు. కొడుకు పక్కన గొంతుకూర్చుని, "వూరికే తిరిగి రాకుండా పోయినావే, అది చూసినా రా," అన్నాడు. అంతకన్న ఏమీ అనలేదు. ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళారు.

ఆ తరువాత రెండురోజులు ఆ పిల్లవాడు నాతో మాట్లాడలేదు. మూడవరోజు వచ్చి, "సార్, ఈ శనివారం పోతాం గదా?" అని అడిగాడు. నేను చేసింది పూర్తిగా సరైనదేనని ఈనాటికీ చెప్పలేను. కప్పు పోయింది, నిజమే. కాని ఆ ఏడు తరువాత మా ఆటస్థలంలో గోడ ఖాళీగా వున్న ఏడు నేను చూడలేదు.

అమెరికావాళ్ళు 1965 లో బేస్‌బాల్‌కు ఇటువంటి ఏర్పాటే చేశారు. కొత్తగా వచ్చే ఆటగాళ్ళను ఎంచుకోవటంలో కిందటి ఏడు వెనుకబడిన జట్లకే మొదటి అవకాశం ఇచ్చారు. బలవంతుణ్ణి పడగొట్టకుండా, బలహీనుణ్ణి లేపటమే దాని కిటుకు.

పిల్లలూ! మీ తరగతిలో ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే పిల్ల ఒకతె వుంటుంది. ఆ పిల్ల మార్కుల కాగితం ఇంట్లో ఎవరైనా తెరిచి చూస్తున్నారా? "ఎలాగూ మొదటే గదా" అని చూడకుండా సంతకం పెట్టేస్తున్నారేమో! మీ అక్క బాగా పాడుతుంది. మీ స్నేహితుడు బాగా పరుగెత్తుతాడు. వాళ్ళు ఎలాగూ గెలుస్తారని మీరు ఇంట్లో వుండిపోకండి. వెళ్ళి చూడండి. గెలిచేవాళ్ళకు కూడా, తల ఎత్తినప్పుడు గోడమీద తమవాళ్ళు కనిపించాలి.